వింటున్న పెట్టె

ఆపేసి ఉన్న గేమ్ పెట్టె బయట ఎవరితోనో మాట్లాడుతోంది.

డిటెక్టివ్ ముందు తన కళ్ళని తనే నమ్మలేదు. ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్ తెర మీద పచ్చటి గీత ఒకటి నేలబారుగా పాకుతోంది. ఈ ఇంట్లోంచి ఇంటర్నెట్‌లోకి ఏం పోతున్నా ఆ గీత లేచి చెబుతుంది. టీవీ ఆపి ఉంది. టీచరు కంప్యూటరుని పోలీసులు ఎప్పుడో పట్టుకుపోయారు. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఆయనే ఆపించి భోజనాల బల్ల మీద వరసగా పెట్టించాడు. మిగిలింది టీవీ కింద అరలో నల్లగా, చెప్పుల డబ్బా అంత ఉన్న ఆట యంత్రం ఒక్కటే. దాని మూతి మీద నారింజ రంగు దీపం చుక్కలా వెలుగుతోంది. నిద్రపోతున్నానని దానర్థం.

ఆయన దగ్గాడు. గీత లేచింది.

ఊపిరి బిగబట్టాడు. గీత పడుకుంది.

జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి గలగలా ఆడించాడు. గీత రంపపు పళ్ళలా పైకీ కిందకీ ఎగిరింది. గుత్తి గుప్పిట్లో నొక్కేశాడు. మళ్ళీ పడుకుంది.

ఆయన వయసు యాభై దాటింది. టెలిఫోన్ శాఖలో ఉద్యోగం మొదలుపెట్టిన రోజుల నుంచీ తీగల మీద దొంగతనంగా వినేవాళ్ళని పట్టుకోవడమే పని. అయినా ఈ క్షణంలో వెన్నులోంచి చలి పాకింది. అదే సమయంలో కడుపులో ఎక్కడో చిన్నపిల్లాడి సంబరం లాంటిది కూడా లేచింది. దొరికింది!

"ఏమైనా తెలిసిందాండీ?" అంటూ వంటింట్లోంచి టీ గ్లాసుతో వచ్చింది టీచరు.

ఆయన ఒక్క ఉదుటున లేచి పెదవుల మీద వేలుంచాడు. రెండో చేత్తో వంటింటి వైపు చూపించాడు. ఆవిడ గ్లాసులో టీ ఒలికింది. ఇద్దరూ లోపలికి వెళ్ళాక ఆయన తలుపు వేసి, పొగ లాగే ఫ్యాను వేసి, కుళాయి కూడా తిప్పాడు.

"ఇప్పుడు మాట్లాడండమ్మా."

"నాకు భయమేస్తోంది. నాలుగింటికి ఆ ఇన్‌స్పెక్టరు వస్తానన్నాడు. నన్ను తీసుకుపోతాడు."

"నాలుక్కి చాలా టైముంది. మీరొక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. పరీక్ష పేపరు తయారుచేసేటప్పుడు ప్రశ్నల్ని పైకి చదువుతారా?"

ఆవిడ తెల్లబోయి చూసింది.

ఆ ఒక్క పేపరే ఆవిడ కొంప ముంచింది. పెద్ద పరీక్షకి భౌతికశాస్త్రం ప్రశ్నపత్రం రాసే పని బోర్డు ఈసారి రహస్యంగా ఆవిడకి అప్పగించింది. ఆవిడ చేత్తోనే రాసింది, సీలు వేసి ఇచ్చింది. పరీక్షకి ముందురోజు ఆ ప్రశ్నలు ఫోన్లలో ఊరంతా తిరిగాయి. పరీక్ష రద్దయింది. ప్రెస్సులో ఇంకా అచ్చు మొదలుకాకముందే ప్రశ్నలు బయటికొచ్చాయని తేలింది కాబట్టి, అనుమానించడానికి మిగిలింది రాసిన మనిషి ఒక్కర్తే. ఇన్నేళ్ళ మంచిపేరూ పోయింది. ఇవాళ ఉద్యోగంతో పాటు జైలు కూడా గుమ్మంలో నిలబడి ఉంది.

"చదువుతాను," అంది నెమ్మదిగా. "ప్రతి ప్రశ్నా రెండుసార్లు. పైకి చదివితే గానీ పిల్లాడికి అర్థమవుతుందో లేదో తేలదు. నోరు ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాస్తాను. క్లాసులో డిక్టేషన్ చెప్పీ చెప్పీ అలవాటైపోయింది. మా ఆయన ఉంటే వేళాకోళం చేస్తారు, గోడలకి పాఠం చెబుతున్నావా అని."

"ఆయనెక్కడ?"

"ఓడ మీద ఇంజనీరు. ఇంకో నెలకి గానీ రారు."

డిటెక్టివ్ జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. ఫోన్లలో తిరిగిన ప్రశ్నపత్రం. స్టవ్ పక్కన పరిచాడు.

"ఇది చూడండి. 'పక్క పటంలోని వలయంలో ప్రవహించే విద్యుత్తు ఎంత?' పటం ఏది? 'పటంలో చూపిన కటకం ముందు వస్తువునుంచితే...' కటకం ఏది? మీ పేపర్లో ఎన్ని పటాలున్నాయో, అన్నీ ఇందులో గైర్హాజరు. మీ పక్కనుంచి ఎవడైనా దొంగచాటుగా ఫోటో తీస్తే పటాలు కూడా వచ్చి ఉండాలి. మీరే అమ్ముకుంటే పటాలు ఎందుకు దాచుకుంటారు? మార్కులన్నీ వాటికేనాయె."

"ఇన్‌స్పెక్టరుతో ఇదే చెప్పాను. తొందర్లో టైపు చేసి వదిలేశారన్నాడు."

"తొందర కాదమ్మా. దొంగకి కళ్ళు లేవు. చెవులు మాత్రమే ఉన్నాయి."

టీచరు చేత్తో గోడ పట్టుకుంది.

"ఇంకోటి. ఇందులో మీ ప్రశ్నలు రెండు అసలు లేవు, బోర్డు దగ్గరున్న మీ పేపరుతో పోల్చి చూశాను. ధ్వని మీద ఒకటి, అయస్కాంతం మీద ఒకటి. ఆ రెండూ ఎక్కడ రాశారు?"

ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచించింది. తెరిచేసరికి ఆ కళ్ళలో మెరుపు. "పడగ్గదిలో! మా అమ్మాయికి జ్వరమొస్తే పక్కన కూర్చుని రాశాను. నిద్ర లేస్తుందని పైకి చదవలేదు. ఆ రెండూ పైకి చదవలేదు!"

"మిగతావన్నీ?"

"హాల్లో. బల్ల దగ్గర."

"ఆ బల్ల పక్కనున్న గేమ్ పెట్టె వినిపించిందంతా బయటికి పంపుతోందమ్మా."

తలుపు సందులోంచి వెక్కిళ్ళు వినిపించాయి. డిటెక్టివ్ తలుపు లాగాడు. పద్నాలుగేళ్ళ కూతురు నిలబడి ఉంది. ఇంట్లో అందరూ చిట్టి అంటారు. ఎత్తులో తల్లిని మించిపోయింది.

"అది నా గేమ్ బాక్సేనా అంకుల్? అమ్మ నావల్లే జైలుకెళ్తుందా?"

"లోపలికి రా తల్లీ. ఏడుపు తర్వాత, ముందు జవాబులు. దానికి మైకుందా?"

"చేతిలో పట్టుకుని ఆడే రిమోట్‌లోనే ఉంటుంది. ఆడుతూ ఫ్రెండ్స్‌తో మాట్లాడొచ్చు. కానీ నేను మాట్లాడి రెండు నెలలవుతోంది."

"ఏం? అలిగారా?"

"కాదు. కంపెనీవాళ్ళు నన్ను ఆన్‌లైన్‌లోకి రానివ్వట్లేదు. లోపలికెళ్తే 'ఈ యంత్రానికి ప్రవేశం లేదు' అని వస్తుంది. ఒక్కదాన్నే ఆడుకుంటున్నా. గొడవ చేస్తే బాక్సే తీసేస్తుందని అమ్మకి చెప్పలేదు."

డిటెక్టివ్ కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"చిట్టీ, నువ్వు మాకు సగం కేసు తేల్చిపెట్టావు. కంపెనీ గెంటేసిన పెట్టె, స్నేహితులు లేని పెట్టె, నిద్రపోతున్న పెట్టె రోజంతా ఎవరితో మాట్లాడుతోంది?"

"వైరసా?" అంది పిల్ల. "కానీ గేమ్ బాక్సులకి వైరస్ రాదంటారు కదా. కంప్యూటర్లకే కదా వచ్చేది?"

"అందరూ అదే అంటారు. దాన్ని కొన్నదెవరు?"

"మా తమ్ముడు," అంది టీచరు. "చిట్టి పుట్టినరోజుకి తెచ్చాడు. వాడికి బజార్లో షాపుంది. ఫోన్లు, గేములు, రిపేర్లు. మా ఆయన ఊళ్ళో లేకపోతే ఇంట్లో బల్బు మార్చాలన్నా వాడే రావాలి."

"స్క్రూడ్రైవర్ మామయ్య," అంది చిట్టి కళ్ళు తుడుచుకుంటూ. "పెళ్ళిళ్ళక్కూడా జేబులో స్క్రూడ్రైవర్‌తో వస్తాడు."

"పిలవండి. పెట్టె ఎక్కడ కొన్నాడో అడగాలి. ఫోన్లో మాత్రం దాని ఊసెత్తకండి. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, తోడుండమనండి, చాలు."

"వాడు పిలవక్కర్లేకుండానే వస్తాడు. ఈ గొడవ మొదలైనప్పటి నుంచీ రోజూ వచ్చి నా పక్కనే కూర్చుంటున్నాడు, పాపం."

ఆవిడ పెరటి మెట్ల మీదికి వెళ్ళి ఫోన్ చేసింది. ఈలోగా డిటెక్టివ్ చెప్పులు విప్పేసి, పిల్లిలా హాల్లోకి నడిచాడు.

రాసుకునే బల్ల టీవీ అరకి ఆనుకుని ఉంది. కూర్చుంటే మోకాలు పెట్టెకి తగిలేంత దగ్గర. దాని మీద దీపం, కలాలున్న గ్లాసు, రెండు అట్టల నిండా కాగితాలు. రిమోట్ అరలో పెట్టె మీదే ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తివాచీని అరచేత్తో తడిమాడు. కిటికీ దగ్గర ఆగాడు. అక్కడ తివాచీలో నాలుగు గుంటలు. బల్ల కాళ్ళు ఏళ్ళ తరబడి నొక్కిన గుంటలు. ఇప్పుడు బల్ల ఉన్నచోట గుంటలు అంతంతమాత్రం. పెట్టెని రెండు చేతుల్తో ఎత్తి వెనక్కి తిప్పి చూశాడు. కంపెనీ సీలు అంటించి ఉంది. సీలు కొత్తగా మెరుస్తోంది. దాని కింద మరమేకు నెత్తి మాత్రం గీరుకుపోయి ఉంది.

వంటింట్లోకి తిరిగొచ్చాడు.

"మీ బల్ల అక్కడికి ఎప్పుడు జరిగింది?"

"పేపరు రాయడం మొదలెట్టిన వారానికే అనుకుంటా. మా తమ్ముడే జరిపాడు. కిటికీలోంచి ఎండ సూటిగా మొహం మీద పడుతోంది, కళ్ళజోడు నంబరు పెరుగుతుంది అక్కా అన్నాడు."

డిటెక్టివ్ ఇందాక చూసిన కిటికీని గుర్తు చేసుకున్నాడు. కిటికీకి బారెడు దూరంలో పక్క భవనం గోడ అయిదంతస్తులు లేచి ఉంది. ఆ కిటికీలోంచి ఎండ పడాలంటే సూర్యుడు ఆ గోడకి చిల్లు పెట్టుకుని రావాలి.

ఆయన ఆవిడ మొహంలోకి చూడలేక టీ గ్లాసు అందుకున్నాడు. టీ చల్లారిపోయింది. అయినా తాగేశాడు.

గంట మోగింది. ఒకసారి కాదు, వేలు తియ్యకుండా.

"నాలుగింటికి కదా అన్నాడు!" అంది టీచరు.

"ఆయన గడియారం ఎప్పుడూ తొందర్లోనే ఉంటుంది. మీరిద్దరూ ఇక్కడే ఉండండి."

డిటెక్టివ్ వీధి తలుపు సగం తీసి, లోపలికి రాబోతున్న ఇన్‌స్పెక్టరు భుజం మీద చెయ్యేసి మెట్ల దగ్గరికి నడిపించుకుపోయాడు. సైబర్ విభాగంలో అతనంత చురుకైనవాడు లేడని పేరు. ఆ పేరు అతను కూడా విన్నాడు, అదే ఇబ్బంది.

"ఏంటి గురువుగారూ, ముద్దాయి ఇంట్లో మీరు టీ తాగుతుంటే నేను మెట్ల మీద నిలబడాలా?"

"ముద్దాయి ఆవిడ కాదు. హాల్లో ఉన్న గేమ్ పెట్టె."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. మెట్లన్నీ మోగేలా నవ్వాడు. "మీ పాత టెలిఫోను బుర్ర ఇంకా క్రాస్ కనెక్షన్ల దగ్గరే ఆగిపోయినట్టుంది. గేమ్ పెట్టెకి వైరసేంటండీ! కంప్యూటర్లో ఎవడైనా ఏదైనా ఎక్కించొచ్చు. ఇందులో అలా కుదరదు. కంపెనీ తాళం వేసి పంపిస్తుంది. దాని ముద్ర లేని ప్రోగ్రాము ఒక్క ముక్క కూడా నడవదు. సోదాలో నేనే చూశాను, సీలు చెక్కుచెదరలేదు."

"నూటికి నూరుపాళ్ళు నిజం. తాళం ఉన్నంతవరకూ. ఆ తాళం ఎవడో తీసేశాడు. తీస్తే దొంగ ఆటలన్నీ ఉచితంగా నడుస్తాయి. దొంగ ఆటలు నడిచే తలుపులోంచి దొంగ కూడా నడుస్తాడు. సీలంటారా, అది బజార్లో బోలెడు దొరుకుతుంది. సీలు కింద మరమేకు చూడలేదు మీరు."

"ఊహలు."

"ఆ పెట్టె బయటికి పంపేది నా ల్యాప్‌టాప్‌లో గీతలా కనిపిస్తుంది, చూపిస్తాను రండి. మీరు తుమ్మితే లేస్తుంది."

"అయ్యా, మా ఇంట్లోనూ అచ్చం ఇదే పెట్టె ఉంది. మావాడు తిండీ నిద్రా మానేసి దానికే అతుక్కుపోతాడు. దానికి వైరసూ రాలేదు, గాడిదగుడ్డూ రాలేదు. మహా అయితే కంపెనీవాళ్ళు వాణ్ణి ఆన్‌లైన్ ఆటలోంచి వెళ్ళగొట్టారు. ఏ బూతులు తిట్టాడో వెధవ. దానికి పెట్టెని అరెస్టు చెయ్యమంటారా?"

డిటెక్టివ్ చేతిలో తాళంచెవులు ఆగిపోయాయి. "ఎక్కడ కొన్నారు దాన్ని?"

ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. అతను వింటున్నకొద్దీ మొహంలో రంగు దిగిపోయింది. "మళ్ళీనా? ... ఒక్కడూ లేడా? ... టీ కప్పులు వేడిగా ఉన్నాయంటే ఏంట్రా అర్థం, ఇప్పుడే లేచి పోయారనేగా!" అని ఫోను జేబులో కుక్కాడు.

"పేపరు అమ్మిన ముఠానా?" అన్నాడు డిటెక్టివ్.

"రెండోసారి. వెళ్ళేసరికి గది ఖాళీ. నా ఆఫీసులోనే ఎవడో నమ్మకద్రోహి ఉన్నాడు. అందుకే ఈసారి ఆఫీసులో నోరు విప్పలేదు. పొద్దున్నే ఇంట్లో కూర్చుని, ఒక్క ఎస్సైకే ఫోన్లో అడ్రసు చెప్పాను. వాడు నా ప్రాణం. వాణ్ణి కూడా అనుమానించాలా ఇప్పుడు?"

"మీ ఎస్సైని ఏమీ అనకండి. నాకు పావుగంట ఇవ్వండి. నా మాట తప్పయితే మీ జీపు దాకా ఆవిడ సంచి నేనే మోస్తాను."

"ఒప్పయితే?"

"ఒప్పయితే మీరు ఆవిడకి క్షమాపణ చెప్పాలి. గట్టిగా."

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూశాడు. చేతిగడియారం చూసుకున్నాడు. "పావుగంట. మీరు సంచి మోస్తుంటే ఫోటో తీయించుకుంటాను."

డిటెక్టివ్ చెప్పుల అర వెనక్కి వంగి, ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చే తీగని పీకేశాడు. పెట్టె మీద నారింజ చుక్క మాత్రం వెలుగుతూనే ఉంది. చూసేవాళ్ళకి ఏ తేడా తెలియదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి టీచరు చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఏదో పాత పుస్తకంలోంచి ఎత్తి రాసిన లెక్కలు.

"మీ తమ్ముడొచ్చాక నేను చదవమంటాను. ఆ రోజుల్లో ఎలా చదివారో అలాగే చదవండి. ఎవరేమన్నా ఆపకండి. బయటికి వెళ్ళే తీగ పీకేశాను, భయం లేదు."

"వాడు రావడానికీ దీనికీ సంబంధమేంటి?"

"లేకపోతే అందరికన్నా ఎక్కువ సంతోషించేది నేనే."

ఆవిడకి అర్థమైందో లేదో గాని, కాగితం పట్టుకున్న చెయ్యి కొద్దిగా కిందికి దిగింది.

తమ్ముడు రొప్పుతూ వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి, వేళ్ళ చివర నల్లటి మరకలు, జేబులో పచ్చపిడి స్క్రూడ్రైవరు. ఇన్‌స్పెక్టర్ని చూడగానే గుమ్మంలో ఆగాడు.

"లోపలికి రారా, ఏం కాదు," అంది అక్క.

అతను వచ్చి హాల్లో అన్నిటికన్నా దూరంగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. చిట్టి వెళ్ళి అతని కుర్చీ చేతి మీద ఎక్కి కూర్చుంది. "మామయ్యా, అమ్మని తీసుకెళ్ళరు కదా?"

"ఊరుకోవే," అన్నాడు చాలా చిన్న గొంతుతో.

డిటెక్టివ్ గొంతు సవరించుకున్నాడు. అందరికీ వినపడేలా మాట్లాడాడు. "టీచరు గారు బోర్డుకి రెండు పేపర్లు రాసిచ్చారు. ఒకటి బయటికి పోయింది. రద్దయిన పరీక్షకి బదులు ఇప్పుడు రెండోది పెడతారు. అది కూడా బయటికి పోయిందేమో చూడమని ఇన్‌స్పెక్టరు గారిని బోర్డువాళ్ళు అడిగారు. అమ్మా, ఆ రెండో పేపరు ఒకసారి చదవండి. ఆ బల్ల దగ్గరే, మీ కుర్చీలోనే కూర్చోండి."

అదంతా అబద్ధమని తెలిసిన ఇన్‌స్పెక్టరు నోరు తెరిచి మళ్ళీ మూశాడు. పావుగంట మాట ఇచ్చాడు కదా.

టీచరు బల్ల దగ్గర కూర్చుంది. కళ్ళజోడు సవరించుకుంది. "ప్రశ్న ఒకటి. ఒక లోహపు గోళాన్ని..."

"అక్కా, ఇక్కడెందుకు? లోపలి గదిలో చదువు," అన్నాడు తమ్ముడు.

"ఇక్కడైతే ఏం?" అన్నాడు డిటెక్టివ్.

"ఫ్యాను చప్పుడు. ఏం వినపడదు."

చిట్టి తలెత్తి చూసింది. ఫ్యాను ఆగి ఉంది.

"చదవండమ్మా."

"ఒక లోహపు గోళాన్ని నీటిలో పూర్తిగా ముంచితే దాని బరువు..."

"అక్కా, ఆగు."

"...దాని బరువు మూడో వంతు తగ్గినట్టు కనిపించింది. ప్రశ్న ఒకటి. ఒక లోహపు గోళాన్ని..."

"చదవకే అక్కా!"

కుర్చీ వెనక్కి పడింది. చిట్టి కింద పడబోయి నిలదొక్కుకుంది. తమ్ముడు మూడంగల్లో హాలు దాటి, బల్ల కిందికి దూరి, గోడలోంచి పెట్టె ప్లగ్గుని తీగతో సహా లాగేశాడు. నారింజ చుక్క ఆరిపోయింది. తీగ చేతిలో పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

చిట్టి పడిపోయిన కుర్చీని లేపి నిలబెట్టింది.

"అది వింటుందని నీకెవరు చెప్పారు బాబూ?" అన్నాడు డిటెక్టివ్. "మీ అక్కకి, చిట్టికి, ఇన్‌స్పెక్టరు గారికి నేను చెప్పాను. నీకు నేను చెప్పలేదు. వాళ్ళూ చెప్పలేదు."

తమ్ముడు చేతిలో తీగని వేలికి చుట్టుకున్నాడు.

"ఆ కిటికీలోంచి ఎండ రాదు. బల్ల ఎందుకు జరిపావు?"

టీచరు కాగితం బల్ల మీద పెట్టేసింది. "ఏరా..." అంది.

ఇన్‌స్పెక్టరు ముందుకి అడుగేశాడు. డిటెక్టివ్ చెయ్యి అడ్డం పెట్టాడు. తమ్ముడు జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి నేల మీద, తనకి దూరంగా పెట్టాడు. అప్పుడు మొదలుపెట్టాడు. ఎవర్నీ చూడకుండా ఆ తీగతోనే చెబుతున్నట్టు చెప్పాడు.

"చిట్టి కోసమే విప్పానక్కా. ఒట్టు. అది అడిగిన ఆటలన్నీ కొనాలంటే మీవల్ల కాదు, నావల్లా కాదు. తాళం తీస్తే అన్నీ ఫ్రీ, కంపెనీ కనిపెడితే ఆన్‌లైన్‌లోంచి గెంటేస్తుంది, అంతే. షాపులో వచ్చినవాళ్ళందరికీ అలాగే తీసిస్తున్నాను. ఆటలన్నీ ఒక్క డిస్కులోంచే ఎక్కిస్తాను. ఆ డిస్కు ఎక్కణ్ణుంచో వచ్చింది, అందులో ఆటలతో పాటు ఇంకేం దూరిందో నేను చూడలేదు. గేమ్ పెట్టెకి వైరసేంటని నేనే నవ్వేవాణ్ణి.

"ఓ రోజు మధ్యాహ్నం షాపుకి ఫోనొచ్చింది. ఎత్తితే నీ గొంతు. 'ప్రశ్న ఏడు' అంటున్నావు. నువ్వే చేశావనుకుని 'చెప్పక్కా' అన్నాను. నువ్వు మళ్ళీ 'ప్రశ్న ఏడు' అన్నావు. అప్పుడు ఎవడో నవ్వాడు. నా ఒళ్ళు చచ్చుబడిపోయింది. 'మీ అక్క మంచి టీచరు, కానీ గొంతు సరిగ్గా అందట్లేదు, బల్ల కాస్త దగ్గరికి జరుపు' అన్నాడు. జరపకపోతే దొంగ పెట్టెలన్నీ నీ షాపులోవేనని పోలీసులకి చెబుతానన్నాడు. జరిపాను. ఈ చేతుల్తోనే జరిపాను. నీ కళ్ళకి మంచిదని చెప్పాను. నువ్వు నాకు కాఫీ పెట్టిచ్చావు."

"రోజూ వచ్చి నా పక్కన కూర్చుని, ఏడవకక్కా అన్నావు కదరా," అంది టీచరు. గొంతులో కోపం లేదు. అందుకే వినలేకపోయారు ఎవరూ.

"చెప్పేద్దామనే వచ్చేవాణ్ణి అక్కా. రోజూ గుమ్మం దాకా అదే అనుకుంటూ వచ్చేవాణ్ణి. నీ మొహం చూశాక నోరు పెగిలేది కాదు. పేపరు అమ్ముడుపోయాక వాడు నాకో కవరు పంపాడు. తిప్పి పంపలేదు. అది కూడా నేనే. అన్నీ నేనే. మా అక్కకి ఏమీ తెలియదు సార్, రాసుకోండి."

చిట్టి తల్లి దగ్గరికి వెళ్ళి ఆవిడ వెనక నిలబడింది. స్క్రూడ్రైవరు వైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు. "మేడమ్," అన్నాడు. గొంతు పెంచి మళ్ళీ అన్నాడు. "మేడమ్, నన్ను క్షమించండి." తర్వాత తమ్ముడి ముందు గొంతుక్కూర్చున్నాడు. అప్పుడే అతని గొంతులో పాత చురుకు తిరిగొచ్చింది. "ఎవడు వాడు? పేరు చెప్పు. సాయంత్రానికల్లా లోపలేస్తాను."

"పేరు తెలియదు సార్. గొంతొక్కటే తెలుసు. మీరు వాణ్ణి పట్టుకోలేరు."

"ఏం?"

"మీరు బయల్దేరేలోపే వాడికి తెలిసిపోతుంది. నిన్న కూడా ఫోన్ చేసి అన్నాడు, 'నీకేం భయం లేదురా, వాళ్ళు రేపు ఎక్కడికొస్తారో వాళ్ళ నోటినుంచే వింటాను' అని." అతను మొదటిసారి తలెత్తి ఇన్‌స్పెక్టరు కళ్ళలోకి చూశాడు. "రెండు నెలల కిందట మీ డ్రైవరు డిపార్టుమెంటు జీపులో మా షాపుకొచ్చాడు సార్. మా సారు గారబ్బాయికి, ఆటలన్నీ ఎక్కించి ఇమ్మన్నాడు. అదే డిస్కు పెట్టాను. మీ హాల్లో ఉన్న పెట్టె కూడా నేనే విప్పాను సార్."